వాట్సాప్ పుకార్లు, హైస్కూల్ పిల్లలు: బడిలో ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి

మేడమ్, మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. ఆదోని దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో 8, 9 తరగతులకు సోషల్ చెబుతున్నారు. తప్పుడు వార్తల మీద ఒక రోజు అవగాహన కార్యక్రమం పెట్టారు. చార్టులు రాయించారు, ప్రతిజ్ఞ చేయించారు. నెల తిరిగేలోపే అదే పిల్లలు "రేపటి నుంచి అందరి ఫోన్లూ రికార్డు చేస్తారంట" అనే మెసేజ్ పట్టుకొచ్చి నిజమేనని వాదించారు. పైగా ఒక తండ్రి బడికి వచ్చి "ఇంట్లో పెద్దోళ్ల మాట నమ్మొద్దని నేర్పిస్తున్నారా?" అని నిలదీశారు. ఇప్పుడేం చేయాలి, సిలబస్ మధ్యలో టైమ్ ఎక్కడ దొరుకుతుంది అని మీ ప్రశ్న. కర్నూలు, అనంతపురం జిల్లాల బడుల్లో సోషల్ చెప్పి, తర్వాత టీచర్ల శిక్షణలో పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను.

మీ కార్యక్రమంలో లోపం ఉందని నేను అనుకోను. ఒక్క రోజులో అయ్యే పని కాదది. దీనికి ఆధారం కూడా ఉంది. 2019 లోక్‌సభ ఎన్నికలప్పుడు సుమిత్రా బద్రీనాథన్ అనే పరిశోధకురాలు బిహార్‌లో ఇళ్లకు మనుషుల్ని పంపి, దాదాపు గంటసేపు కూర్చోబెట్టి, తప్పుడు వార్తల్ని ఎలా పట్టుకోవాలో చెప్పించారు. తర్వాత పరీక్షించి చూస్తే మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కొన్నేళ్లకు అదే బిహార్‌లో ఆమె, ఇంకొందరు పరిశోధకులు ప్రభుత్వంతో కలిసి మళ్లీ ప్రయత్నించారు. ఈసారి 8 నుంచి 12వ తరగతి దాకా, 13 వేలకు పైగా పిల్లలతో అధ్యయనం. పల్లెల్లోని గ్రంథాలయాల్లో వారాల తరబడి, విడతలు విడతలుగా పాఠాలు. ఈసారి ఫలితం వచ్చింది, నెలలు గడిచాక కూడా నిలిచింది. పాఠాలు విన్నది పిల్లలే అయినా, వాళ్ల తల్లిదండ్రుల్లో కూడా కొంత మార్పు కనబడింది. మీరు ఆ తండ్రి గురించి పడుతున్న టెన్షన్‌కి ఇది పనికొస్తుంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కాబట్టి మొదటి మాట: రోజంతా వద్దు. వారానికి ఒకసారి, పావుగంట, ఏడాది పొడవునా.

రెండో మాట అంతకంటే ముఖ్యం. చాలామంది టీచర్లు "వాట్సాప్‌లో వచ్చేది ఏదీ నమ్మొద్దు" అని చెప్పి వదిలేస్తారు. పిల్లలు అది సులువుగా పట్టుకుంటారు. మూడు నెలల తర్వాత ఏ వార్త చూపించినా "అబద్ధం సార్" అంటారు. పేపర్లో వచ్చినా అబద్ధమే, కలెక్టర్ చెప్పినా అబద్ధమే. ఇది నేర్చుకోవడం కాదు, చెడిపోవడం. అన్నీ నమ్మే పిల్లవాడికీ, ఏదీ నమ్మని పిల్లవాడికీ నిజం ఒకేలా దూరం. మన సీమను తాకిన రెండు సంఘటనలు పక్కపక్కన పెడితే ఇది పిల్లలకు బాగా అర్థమవుతుంది. నేను ఎక్కువ సమయం వీటి మీదే పెడతాను, మీరూ పెట్టండి.

2024 ఆగస్టు 10 రాత్రి కర్ణాటకలోని హొసపేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి, గేటు వరదలో కొట్టుకుపోయింది. కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల్లో నది ఒడ్డు ఊళ్లను అధికారులు అప్రమత్తం చేశారు. ఆ రాత్రి నాకు ఫోన్ చేసినవాళ్లలో కొందరు మాత్రం "డ్యాం తెగిపోయిందంట సార్" అన్నారు. గేటు పోవడం వేరు, డ్యాం తెగడం వేరు. కానీ ఫోన్లో ఒకరి నుంచి ఒకరికి పోయేసరికి ఆ తేడా మాయమైపోతుంది.

క్లాసులో దీన్ని లెక్కగా చేయించండి. డ్యాంకు 33 గేట్లు. పోయింది ఒకటి. నిల్వ దాదాపు నిండుగా, 105 టీఎంసీల దగ్గర ఉంది. పోయిన గేటు నుంచి సుమారు 35 వేల క్యూసెక్కులు వస్తున్నాయి. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. రోజుకు 86,400 సెకన్లు. 100 కోట్లను 86,400తో భాగిస్తే 11,574. అంటే 11,574 క్యూసెక్కుల చొప్పున రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. 35 వేల క్యూసెక్కులంటే రోజుకు మూడు టీఎంసీలు. డ్యాంలో 105 ఉంటే, ఆ ఒక్క గేటు నుంచి రోజుకు పోయేది మూడు. తొమ్మిదో తరగతి పిల్లలు ఈ లెక్క తేలిగ్గా చేస్తారు. చేశాక వాళ్ల ముఖాలు చూడండి. నిన్నటిదాకా పెద్దవాళ్లు భయంతో మాట్లాడుకున్న "క్యూసెక్కులు" అనే మాట ఒక్కసారిగా వాళ్ల చేతిలోకి వస్తుంది.

ఇంకో విషయం కూడా వాళ్లతోనే చెప్పించండి. మర్నాడు టీవీలో డ్యాం గేట్లన్నీ తెరుచుకుని నీళ్లు ఉరుకుతున్న దృశ్యాలు వచ్చాయి. చూసినవాళ్లకు అది ప్రమాదంలాగే కనబడింది. నిజానికి నీటిమట్టం తగ్గిస్తే తప్ప పోయిన గేటు చోట కొత్తది దించలేరు, అందుకే మిగతా గేట్లు కావాలని తెరిచారు. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో వారం రోజుల్లోనే స్టాప్‌లాగ్ (గేటు బదులు తాత్కాలికంగా దించే అడ్డుపలకలు) దించి నీటిని ఆపారు. దృశ్యం నిజం, దాన్ని చూసి మనం కట్టుకున్న అర్థం తప్పు. ఈ రకం తప్పును పట్టుకోవడం పచ్చి అబద్ధాన్ని పట్టుకోవడం కంటే కష్టం, అందుకే దాన్ని ముందే నేర్పాలి.

ఇప్పుడు రెండో సంఘటన. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున, అప్పటి కడప జిల్లా రాజంపేట మండలంలో, చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట నిజంగానే తెగింది. రోజుల తరబడి కుండపోత. ఎగువన పింఛా ప్రాజెక్టు దెబ్బతిని ఆ నీళ్లు కూడా కలిశాయి. పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట లాంటి ఊళ్ల మీద నది విరుచుకుపడింది. పదుల సంఖ్యలో మనుషులు పోయారు. ఆ రాత్రి "కట్ట తెగేలా ఉంది, పైకి పోండి" అని ఎవరైనా ఫోన్ చేసి ఉంటే, "ఇలాంటివి రోజూ వస్తాయిలే" అని దుప్పటి కప్పుకున్న మనిషి ఏమయ్యేవాడు? ఈ ప్రశ్న పిల్లల ముందు పెట్టి, వాళ్లు మాట్లాడేదాకా మీరు మౌనంగా ఉండండి.

ఈ రెండూ విన్నాక పిల్లలు తప్పకుండా అడుగుతారు: మరి నమ్మాలా, వద్దా? అక్కడే అసలు పాఠం మొదలవుతుంది. నేను పిల్లలకు నాలుగు ప్రశ్నలు అలవాటు చేస్తాను. ఎవరు చెప్పారు? వాళ్లకెలా తెలుసు, కళ్లతో చూశారా, విన్నారా, ఊరికే ఫార్వర్డ్ చేశారా? దీనితో సంబంధం లేని ఇంకో చోట ఇదే మాట ఉందా? ఈ మూడూ ఎవరైనా చెబుతారు. నాలుగోది చాలామంది వదిలేస్తారు: ఇది నిజమో కాదో తేలేలోపు నేనేం చేయాలి? నమ్మి తప్పయితే ఏం పోతుంది, నమ్మకుండా అది నిజమైతే ఏం పోతుంది?

కట్ట తెగుతుందన్న మాట విని పైకి పోతే, అది అబద్ధమని తేలినా పోయేది ఒక రాత్రి నిద్ర. పోకుండా ఉండి అది నిజమైతే ప్రాణం. కాబట్టి ముందు పిల్లల్ని, ముసలివాళ్లని ఎత్తైన చోటికి చేర్చి, తర్వాత విపత్తుల కంట్రోల్ రూం నంబరు 1070కో, అత్యవసర నంబరు 112కో, వీఆర్వోకో ఫోన్ చేయడం తెలివైన పని. ఊళ్లో ఎవరో కొత్త మనిషిని చూపించి "పిల్లల్ని ఎత్తుకెళ్లేవాడు" అన్నారనుకోండి. అక్కడ లెక్క తిరగబడుతుంది. నమ్మి చెయ్యి చేసుకుంటే, అది తప్పయితే, అమాయకుడి ప్రాణం పోతుంది. ఆగి 112కు ఫోన్ చేస్తే పోయేది కాసేపు సమయం. రెండింటిలోనూ నిజం తెలియదు. అయినా ఒకచోట వెంటనే కదలాలి, ఇంకోచోట ఆగాలి. ఈ తేడాను పద్నాలుగేళ్ల పిల్లలు పట్టుకోగలరు. పట్టుకున్నవాళ్లు మరిచిపోవడం నేను చూడలేదు.

పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాల సంగతి వచ్చింది కాబట్టి 2018 వీడియో గురించి చెప్పాలి. ఆ వేసవిలో మన రాయలసీమ పల్లెల్లో కూడా రాత్రిళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాశారు. అప్పుడు దేశమంతా తిరిగిన వీడియోలో ఇద్దరు బైక్ మీద వచ్చి, వీధిలో ఉన్న పిల్లవాణ్ణి లాక్కుని పోతారు. అది అసలు మన దేశానిది కాదు. పాకిస్తాన్‌లోని కరాచీలో రోష్నీ హెల్ప్‌లైన్ అనే సంస్థ, పిల్లల విషయంలో జాగ్రత్తగా ఉండమని చెప్పడానికి తీయించింది. అసలు వీడియో చివర్లో ఆ బైక్ వాళ్లే వెనక్కి వచ్చి పిల్లవాణ్ణి దించి, హెచ్చరిక రాసిన బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్క కోసేసి మిగతాది పంపారు. అలాంటి పుకార్ల వల్ల ఎన్నో రాష్ట్రాల్లో అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ తర్వాతే, 2018 జూలైలో, వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది.

క్లాసులో వీడియో చూపించాల్సిన పని లేదు. మొదటి సగం మాటల్లో చెప్పి, "ఇది మీ నాన్న ఫోన్‌కి వచ్చింది, ఏం చేస్తారు?" అని రాయించండి. కాగితాలు మీ దగ్గర పెట్టుకున్నాకే చివరి ముక్క చెప్పండి. తర్వాత ఎవరి కాగితం వాళ్లకిచ్చి మళ్లీ చదువుకోమనండి. చదివి వినిపించమని ఎవరినీ బలవంతం చేయొద్దు. ఆ రోజు నుంచి ఏ వీడియో చూసినా "దీనికి ముందేముంది, తర్వాతేముంది" అని అడిగే పిల్లలు తయారవుతారు.

ఫొటోల పాఠానికి మన జిల్లాలోనే మంచి సరుకుంది. 2009 అక్టోబర్‌లో కర్నూలు మునిగినప్పటి ఫొటోలు ప్రతి వానాకాలం "ఇప్పుడే, కర్నూలులో" అని తిరుగుతుంటాయి. బండ్ల నంబర్లు చూడమనండి. అప్పట్లో కర్నూలు బండ్లకు ఏపీ 21, అనంతపురానికి ఏపీ 02, కడపకు ఏపీ 04. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది. ఫొటోలో ఏపీ 39 కనబడితే అది 2009ది కానే కాదు, ఖాయం. కానీ అన్నీ ఏపీ 21 బండ్లే ఉన్నాయి కాబట్టి పాత ఫొటో అని తేల్చగలమా? తేల్చలేం, పాత బండ్లు ఇప్పటికీ రోడ్ల మీద ఉన్నాయి. ఒక ఆనవాలు ఒకవైపు గట్టిగా నిరూపిస్తుంది, రెండోవైపు అనుమానం మాత్రమే కలిగిస్తుంది. ఇది పుస్తకంలో చెబితే కష్టం, నంబర్ ప్లేటుతో ఐదు నిమిషాల పని. ఆ తర్వాత మీ ఫోన్లో గూగుల్ లెన్స్‌తో, అంటే ఫొటో ఇస్తే అది ఇంకెక్కడుందో వెతికిపెట్టే యాప్‌తో, ఆ ఫొటో వెతికి చూపించండి. ముందు కళ్లతో, తర్వాత ఫోన్‌తో. వరుస మారిస్తే పిల్లలు ఆలోచించడం ఫోన్‌కి అప్పజెబుతారు.

మూడో ప్రశ్న, అంటే ఇంకో చోట వెతకడం గురించి ఒక మాట. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ ఒక ప్రయోగం చేశారు. చరిత్ర ప్రొఫెసర్లు, కాలేజీ విద్యార్థులు, వార్తల నిజానిజాలు చూసే ఉద్యోగులు, ఈ ముగ్గురికీ తెలియని వెబ్‌సైట్లు ఇచ్చారు. బాగా చదువుకున్న ప్రొఫెసర్లు కూడా ఆ పేజీలోనే కూర్చుని, భాష ఎలా ఉంది, లోగో బాగుందా అని చూస్తూ చాలాసార్లు మోసపోయారు. మూడోవాళ్లు మాత్రం కాసేపట్లోనే ఆ పేజీ వదిలేసి, ఈ సంస్థ గురించి బయట ఎవరేమంటున్నారో వెతికారు. మీ పిల్లలకు ఇది కొత్త కాదు. ఆదోని యార్డుకు పత్తి తెచ్చే రైతు, ఒక్క ఏజెంటు చెప్పిన రేటు విని సరుకు దించడు. యార్డులో ఇంకో ఇద్దర్ని అడుగుతాడు, ఎమ్మిగనూరులో ఉన్న బావమరిదికి ఫోన్ చేస్తాడు. "మీ నాన్న పత్తికి చేసే పనే మనం మెసేజ్‌కి చేద్దాం" అనండి, చాలు. పథకాల మెసేజ్‌లకు ఇది అచ్చంగా సరిపోతుంది. ఉచిత ల్యాప్‌టాప్ అని లింకు వస్తే ఆ లింకు నొక్కి చూడటం కాదు, గ్రామ సచివాలయంలో అడగాలి. అప్పటికే డబ్బు పోయిందంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని కూడా ఇంట్లో చెప్పమనండి.

నిజమైన వార్త కూడా తప్పుదారి పట్టించగలదని చెప్పడానికి తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు వజ్రాల కంటే మంచి ఉదాహరణ లేదు. తొలకరి పడగానే "పొలంలో వజ్రం దొరికింది, రాత్రికి రాత్రే లక్షాధికారి" అని వార్త. ఆ ప్రాంతంలో వజ్రాలు దొరికే మాట నిజం. వజ్రకరూరు చుట్టూ కింబర్లైట్ అనే, వజ్రాలు ఉండే రాతి గొట్టాలున్నాయని భూగర్భ శాస్త్రవేత్తలు ఎప్పుడో గుర్తించారు. కానీ ఉత్త చేతులతో ఇంటికి పోయినవాళ్ల ఫొటో ఏ పేపరూ వేయదు. ఆ పక్కల ఊళ్ల నుంచి వచ్చే పిల్లలుంటే వాళ్లనే అడగండి: మీ ఊరి నుంచి ఎంతమంది పోయారు, ఎన్ని రోజుల కూలి వదులుకున్నారు, ఎంతమందికి దొరికింది?

ఇక ఆ తండ్రి సంగతి. ఆయన భయం న్యాయమైనదే. పిల్లలు ఇంటికి పోయి "జేజీ, నువ్వు పంపేవన్నీ అబద్ధాలే" అంటే ఏ ఇంట్లోనైనా గొడవే. అందుకని ఎలా అడగాలో కూడా పాఠంలో భాగంగా నేర్పాలి, నాటకంలా చేయించాలి. ఒకరు తాత, ఒకరు మనవరాలు. "తాతా, ఇది ఎవరు పంపినారు? ఒకసారి నాకు పంపు, మా మేడమ్‌ని కనుక్కుంటా." అందులో ఎదురు చెప్పడం లేదు, తాతను తక్కువ చేయడమూ లేదు. మామిడాకు కషాయంతో షుగర్ పోతుందని తాత నమ్మితే, దాని మీద వాదన వద్దు. "డాక్టర్ ఇచ్చిన మాత్ర మాత్రం మానకు తాతా, కషాయం సంగతి పీహెచ్‌సీలో అడుగుదాం" అనేలా నేర్పండి. అసలు ప్రమాదం మాత్ర మానడంలో ఉంది, పిల్ల ఆ మాత్ర మానకుండా చూస్తే చాలు.

దేవుడు, కులం, పార్టీ ముడిపడిన మెసేజ్‌లతో మొదటి ఏడాది మొదలుపెట్టకండి. భయపడి కాదు. అక్కడ పిల్లవాడు మెసేజ్‌ని కాకుండా తన ఇంటివాళ్లను కాపాడుకోవడానికి వాదిస్తాడు, నైపుణ్యం రాదు. అయితే పిల్లలే తెస్తే దాటెయ్యవద్దు. ఉదాహరణకు ఏ విపత్తు వచ్చినా "బ్రహ్మంగారు ముందే చెప్పారు" అని ఒక పద్యం తిరుగుతుంది. బ్రహ్మంగారి మఠం మన కడప జిల్లాలోనే ఉంది, ఎన్నో ఇళ్లలో ఆయన మీద భక్తి ఉంది. ఆ భక్తిని ముట్టుకోకుండానే ఒకటి అడగవచ్చు: ఈ పద్యం ఆ విపత్తు కంటే ముందు అచ్చయిన ప్రతిలో ఉందా? ఊళ్లో ఎవరింట్లోనైనా పాత ప్రతి ఉంటే తెచ్చి చూద్దామా? బ్రహ్మంగారి పేరు పెట్టుకుని ఎవరో కొత్తగా రాస్తే, అది ఆయనకే అన్యాయం కదా అని భక్తిగల ఇంటి పిల్లలే అంటారు.

ఆ తండ్రిని ఒకసారి బడికి పిలిచి, ఈ పాఠం ఒకటి ఆయన ముందే చెప్పండి. ఇంకెవరైనా "ఇది సిలబస్‌లో ఉందా" అంటే ప్రాథమిక విధులు తీసి చూపించండి. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణం (హెచ్) క్లాజు, శాస్త్రీయ దృక్పథాన్ని, జిజ్ఞాసను పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అంటుంది. కేరళలో కన్నూరు జిల్లా కలెక్టర్ మీర్ మహమ్మద్ అలీ 2018లో సుమారు 150 ప్రభుత్వ బడుల్లో ఇలాంటి పాఠాలు పెట్టించారు. మనం చేసేది కొత్త వింత కాదు.

టైమ్ విషయానికొస్తే, ప్రత్యేక పీరియడ్ కోసం చూడకండి, రాదు. టీఎంసీ లెక్క మ్యాథ్స్ సార్‌కి ఇవ్వండి. "షాకింగ్", "వెంటనే అందరికీ పంపండి", "డిలీట్ చేసేలోపు చూడండి" లాంటి మాటలు మనసు మీద ఎలా పనిచేస్తాయో తెలుగు మేడమ్ చెబుతారు. ప్రార్థనలో వార్తలు చదివే పిల్ల, వార్తతో పాటు అది ఎక్కడి నుంచి తీసుకుందో కూడా చెప్పాలని నియమం పెట్టండి. అబద్ధాన్ని సరిదిద్దేటప్పుడు ముందు నిజం చెప్పించండి, ఆ తర్వాతే తప్పు. ఒకే మాట పదే పదే వింటే అది నిజమనిపిస్తుందని 1977 నుంచే మనస్తత్వ పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే తప్పుడు మెసేజ్‌లు రాసిన చార్టులు గోడ మీద ఏడాదంతా ఉంచకండి, తీసేయండి.

పిల్లలకు వచ్చిందో లేదో చూడటానికి మూడు నెలలకోసారి పది చీటీలు ఇవ్వండి. ఐదు నిజాలు, ఐదు అబద్ధాలు. నిజాల్లో నమ్మబుద్ధి కానివి పెట్టండి, అబద్ధాల్లో నమ్మబుద్ధి అయ్యేవి పెట్టండి. ప్రతిదానికీ నిజమా, అబద్ధమా, ఇంకా తెలియదా అని రాసి, పక్కన ఎలా కనుక్కుంటారో ఒక్క వాక్యం రాయాలి. మార్కులు ఆ వాక్యానికే. పదింటికీ "అబద్ధం" అని రాసిన పిల్లవాడికి సగం సరిపోయాయని సగం మార్కులు వేయకండి, పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యేరు పాఠం మళ్లీ చెప్పండి.

మొదటి వారానికి తుంగభద్ర గేటు లెక్కే తీసుకోండి. మీ బడిలో ఎల్లెల్సీ (తుంగభద్ర దిగువ కాలువ) కింద పొలాలున్న ఇళ్ల పిల్లలు ఉండే ఉంటారు. గేటు పోయిన వారంలో ఇంట్లో పెద్దవాళ్లు ఏం మాట్లాడుకున్నారో, ఆ కబురు వాళ్లకు ఎవరి ద్వారా వచ్చిందో అడిగి రాసుకురమ్మని ముందురోజే చెప్పండి. పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.